నాన్న వైపా, నిజం వైపా? పదేళ్ల సార్టీ కథ (ఎపిసోడ్ పూర్తి ట్రాన్‌స్క్రిప్ట్)

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒక సాయంత్రం మా ఇంటికి ఒకాయన వచ్చాడు. వడ్డీకి అప్పిచ్చిన మనిషి. బయట బండి చప్పుడు వినగానే నాన్న వెనక గదిలోకి వెళ్తూ, "నాన్న ఊళ్లో లేరని చెప్పరా" అన్నారు. నేను గుమ్మంలో నిలబడి అదే చెప్పాను. "నాన్న లేరండి, ఊరెళ్లారు." ఆయన ఏమీ అనలేదు. మెట్ల పక్కనే మా నాన్న బండి ఉంది. వంగి, దాని ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. అప్పుడే వచ్చిన బండి కదా, వేడిగా ఉంది. చెయ్యి తీసి నా వంక చూసి, "సరే బాబూ, వచ్చాక చెప్పు" అని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి నాకు చాలా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలుసా? నాతో అబద్ధం చెప్పించిన నాన్న మీద కాదు. ఇంజిన్ మీద చెయ్యి పెట్టిన ఆయన మీద.

ఈరోజు మాట్లాడుకోబోయే కథ సరిగ్గా ఆ కోపం దగ్గర మొదలవుతుంది. అమెరికన్ రచయిత విలియం ఫాక్‌నర్ రాసిన "బార్న్ బర్నింగ్". 1939 జూన్‌లో హార్పర్స్ మ్యాగజైన్‌లో వచ్చింది. ఆ ఏడాది ఓ. హెన్రీ అవార్డుల్లో మొదటి బహుమతి దీనికే. ఫాక్‌నర్‌కి తర్వాత 1949 సంవత్సరపు నోబెల్ కూడా వచ్చింది. ఆయనది అమెరికా దక్షిణాన మిసిసిపి రాష్ట్రం. అక్కడే యోక్నపటాఫా అని ఒక కల్పిత కౌంటీని సృష్టించి, తన కథలు, నవలలు చాలావరకు అందులోనే నడిపించాడు. ఈ కథా అక్కడిదే.

ముందే చెప్తున్నా, కథ మొత్తం చెప్పేస్తాను. చదివాకే వింటాం అనుకునేవాళ్లు ఇక్కడ పాజ్ కొట్టి, చదివి రండి. పెద్ద కథేం కాదు, ఒక సాయంత్రం చాలు. కాకపోతే ఫాక్‌నర్ వాక్యాలు చాలా పొడుగు. ఒక వాక్యం మొదలైతే ఎక్కడ ఆగుతుందో తెలీదు. మొదటిసారి నేను మూడో పేజీలోనే వదిలేశాను.

ఎవరీ సార్టీ?

పిల్లాడి వయసు పదేళ్లు. పూర్తి పేరు కర్నల్ సార్టోరిస్ స్నోప్స్. "కర్నల్" అనేది హోదా కాదు, పేరులో భాగమే. అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది తరఫున పోరాడిన ఒక పెద్ద అధికారి పేరు కొడుక్కి పెట్టుకున్నారన్నమాట. ఇంట్లో సార్టీ అంటారు. తండ్రి ఆబ్నర్ స్నోప్స్. సన్నగా, బిర్రుగా, నల్ల కోటు వేసుకుని, ఒక కాలు కుంటుతూ నడుస్తాడు. ఇంట్లో అమ్మ, పిన్ని, ఒక అన్న, ఇద్దరు అక్కచెల్లెళ్లు.

వీళ్లకి సొంత భూమి లేదు. ఎవరో దొర భూమిలో పంట పండించి, అందులో వాటా తీసుకుని బతికే తెల్లవాళ్ల కుటుంబం. ఒక ఊళ్లో కొన్నాళ్లు, తర్వాత ఇంకో ఊరు. ఎందుకన్ని ఊళ్లు మారతారంటే, ఆబ్నర్‌కి ఎవరి మీదైనా కోపం వస్తే వాళ్ల బార్న్‌కి నిప్పు పెడతాడు.

బార్న్ అంటే ధాన్యం, మేత, పశువులు అన్నీ ఒకే కప్పు కింద ఉంచే పెద్ద చెక్క కొట్టం. మన పల్లెల్లో పెరిగినవాళ్లకి గడ్డివాముకి నిప్పు పెట్టడం అంటే ఏంటో చెప్పక్కర్లేదు. రైతుని కొట్టకుండానే నేలకూల్చే పద్ధతి అది. ఎవరు పెట్టారో ఊరంతా అనుకుంటారు, సాక్ష్యం మాత్రం దొరకదు.

కథ మొదలవడమే సాక్ష్యం దగ్గర. ఒక కిరాణా కొట్టులోనే కోర్టు పెట్టారు. సార్టీ వెనకాల మేకుల పీపా మీద కూర్చుని ఉంటాడు. ఆకలేస్తోంది. జున్ను వాసన వస్తోంది. షెల్ఫుల్లో డబ్బాలున్నాయి, వాటి మీది అక్షరాలు చదవడం రాదు, బొమ్మలు చూసి లోపల ఏముందో ఊహించుకుంటున్నాడు. ముందు వాళ్ల నాన్న మీద విచారణ నడుస్తోంది.

హ్యారిస్ అనే రైతు చెప్పేది ఏంటంటే, ఆబ్నర్ పంది మాటిమాటికీ నా మొక్కజొన్నలో పడింది. దొడ్డి బాగు చేసుకోమని నేనే తీగ కూడా ఇచ్చాను, ఆ తీగ చుట్ట విప్పను కూడా విప్పలేదు. మూడోసారి పందిని పట్టుకుని, ఒక డాలర్ కట్టి తీసుకెళ్లమన్నాను. ఎవరో మనిషి ఆ డాలర్ తెచ్చి, కలప, గడ్డి తగలబడే వస్తువులని చెప్పి పోయాడు. ఆ రాత్రే కొట్టం కాలిపోయింది.

రుజువుందా? లేదు. ఈ పిల్లాణ్ని అడగండి, వాడికి తెలుసు అంటాడు హ్యారిస్.

మొదటి మెట్టు: నోరు మూసుకోవడం

జడ్జి పేరడుగుతాడు. పిల్లాడు చెప్తాడు. ఆ పేరు పెట్టుకున్నవాడు ఈ దేశంలో నిజం తప్ప చెప్పలేడులే అన్నట్టు మాట్లాడతాడు జడ్జి. పాపం, ఆయన మంచితనంతోనే అన్నాడు. కానీ పిల్లాడి లోపల జరుగుతున్నది వేరు. నాన్న నేను అబద్ధం చెప్పాలనుకుంటున్నాడు, నేను చెప్పక తప్పదు అని వాడికి అర్థమైపోయింది. దిగులుగానే సిద్ధమైపోయాడు. చివరికి హ్యారిసే వెనక్కి తగ్గుతాడు, పసివాడితో అలా చెప్పించడం వద్దని. రుజువు లేక కేసు కొట్టేస్తారు, కానీ ఊరొదిలి పొమ్మంటారు.

బయటికి రాగానే ఎవరో పిల్లాడు "కొట్టాలు తగలబెట్టేవాడు" అని వెక్కిరిస్తాడు. అంతే, మన సార్టీ తనకన్నా పెద్దవాడి మీద పడిపోతాడు. దెబ్బలు తిని, మొహం నెత్తురోడుతూ లేచి మళ్లీ మీద పడబోతాడు. అమ్మ కడుగుతానంటే నొప్పి లేదంటాడు.

గమనించారా? నాన్న తగలబెట్టాడని వాడికి తెలుసు. అయినా ఆ మాట ఇంకొకడి నోటి నుంచి వస్తే కొట్లాడతాడు. హ్యారిస్‌ని కూడా వాడు మనసులో మా శత్రువు అనే అనుకుంటాడు. నష్టపోయినవాడు శత్రువు. నేను ఇంజిన్ మీద చెయ్యి పెట్టినాయన మీద కోపం తెచ్చుకున్నది కూడా ఇలాగే. పిల్లల విధేయత సాధారణంగా ఇక్కడుంటుంది. నాన్న చేసింది మంచా చెడా అనే ప్రశ్న ఇంకా పుట్టదు. బయటివాడికి అది అడిగే హక్కు లేదు, అంతే.

రెండో మెట్టు: చెంపదెబ్బ

ఆ రాత్రి దారిలో చెట్ల కింద మకాం. ఆబ్నర్ చిన్న మంట వేస్తాడు. ఇక్కడ ఫాక్‌నర్ చక్కటి మాట పట్టుకుంటాడు. చుట్టూ అంత కలప ఉంటే, ఇతరుల ఆస్తులు అంత ధారాళంగా తగలబెట్టే మనిషి తనకోసం ఇంత పిసినారి మంట ఎందుకు వేసుకుంటాడు? ఎందుకంటే నిప్పు అతనికి ఆయుధం. ఏమీ లేనివాడి చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆయుధం. ఆయుధాన్ని ఎవరూ వృథా చెయ్యరు కదా.

కొడుకుని పక్కకి తీసుకెళ్లి, నువ్వు వాళ్లకి చెప్పేసేవాడివి అంటాడు. చెంప మీద కొడతాడు. గట్టిగానే, కానీ కోపం లేకుండా. కంచరగాడిద మీద వాలిన ఈగని కొట్టినట్టు. తర్వాత పాఠం చెప్తాడు. సొంత రక్తాన్ని అంటిపెట్టుకుని ఉండటం నేర్చుకో, లేకపోతే నిన్ను అంటిపెట్టుకునేవాళ్లే ఉండరు అని.

చూడండి, కొట్టింది చేసిన తప్పుకి కాదు. చెయ్యబోయాడేమో అన్న అనుమానానికి. పొద్దున్న నాన్న కోసం రక్తం కార్చిన పిల్లాడు వీడు. రాత్రికి అదే నాన్న "నువ్వు నమ్మకస్తుడివి కాదు" అన్నాడు. ఈ కథలో ముందు అనుమానపడింది తండ్రే. నాకు తెలిసి కొడుకులో మొదటి పగులు అక్కడే వచ్చింది.

అక్కడే రచయిత కాసేపు భవిష్యత్తులోకి దూకుతాడు. ఇరవై ఏళ్ల తర్వాత సార్టీ ఈ రాత్రి గురించి ఆలోచిస్తాడట. వాళ్లు అడిగింది నిజమే కదా, న్యాయమే కదా అని నేను అప్పుడు అని ఉంటే, నాన్న ఇంకో దెబ్బ కొట్టేవాడు అనుకుంటాడట. అంటే ఇరవై ఏళ్లయినా ఆ చెంపదెబ్బ చల్లారలేదు.

మూడో మెట్టు: ఆశ

కొత్త ఊరు, కొత్త దొర. మేజర్ డి స్పెయిన్. తండ్రి కొడుకుని తీసుకుని దొర ఇంటికి వెళ్తాడు. అంత పెద్ద తెల్లటి ఇల్లు సార్టీ జన్మలో చూడలేదు. కోర్టంత ఉందే అనుకుంటాడు. వాడికి అసూయ రాదు, భయం రాదు. మనశ్శాంతి కలుగుతుంది. ఇంత గొప్ప ఇంటిని నాన్న ఏమీ చెయ్యలేడు, దీన్ని చూస్తే నాన్న కూడా మారతాడేమో అనుకుంటాడు.

ఈ "మారతాడేమో" చాలా ముఖ్యం ఫ్రెండ్స్. విధేయత నుంచి తిరుగుబాటుకి పిల్లలు నేరుగా వెళ్లరు. మధ్యలో చాలాకాలం ఈ ఆశ మీద బతుకుతారు.

ఆబ్నర్ ఏం చేశాడు? దారిలో గుర్రప్పేడ ఉంది. పక్కకి తప్పుకునే వీలుంది, తప్పుకోలేదు. కుంటికాలు అందులో వేసి, కాళ్లు తుడుచుకోమన్న నల్లజాతి నౌకరుని తోసుకుంటూ లోపలికెళ్లి, లేత రంగు తివాచీ మీద ఆ మరకలు వేస్తాడు. బయటికి వచ్చాక ఆ ఇంటిని చూస్తూ కొడుకుతో ఏమంటాడంటే, ఆ తెల్లదనమంతా నల్లవాళ్ల చెమట, ఇంకా తెల్లదనం కావాలేమో, అందులో తెల్లవాడి చెమట కూడా కలపాలనుకుంటున్నాడేమో అని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. ఆబ్నర్ చెప్పిన మాట అబద్ధమా? కాదు! ఆ ఇళ్లు నిజంగానే బానిసల శ్రమ మీద లేచినవి. బానిసత్వం పోయాక వాటాకి సాగు చేసే పేదలు, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, ఎంత కష్టపడినా లెక్కలు దొర పుస్తకంలోనే ఉండేవి. ఆబ్నర్ కోపానికి కారణం ఉంది. కానీ ఆ కోపం ఎవరి మీద పడుతోంది? గుమ్మంలో నౌకరు మీద. తివాచీ రుద్దే కూతుళ్ల మీద. వద్దని బతిమాలే భార్య మీద. పదేళ్ల కొడుకు చెంప మీద. అందుకే ఈ కథలో "పాపం పేదవాడు" అని గానీ "దుర్మార్గుడు" అని గానీ ఒక్క ముక్కలో తేల్చేయలేం. సార్టీ కూడా తేల్చలేకపోయాడు, వాడి బాధే అది.

మేజర్ తివాచీ పంపి శుభ్రం చెయ్యమంటాడు. ఆబ్నర్ కావాలనే ఘాటైన సబ్బునీళ్లు వేయించి, రాయితో గీకి పాడుచేసి, రాత్రిపూట తీసుకెళ్లి వరండాలో పడేసి వస్తాడు. దొర మండిపోయి, ఈ తివాచీ వంద డాలర్లు, నీ దగ్గర వంద డాలర్లు ఎప్పటికీ ఉండవు, నీ పంటలోంచి ఇరవై బుషెళ్ల మొక్కజొన్న జమ వేసుకుంటా అంటాడు. గింజ లెక్కన అది సుమారు 500 కిలోలు.

అప్పుడు సార్టీ ఎవరి వైపు ఉన్నాడనుకుంటున్నారు? నాన్న వైపే! నువ్వు చేయగలిగింది చేశావు, ఆయనకి ఇరవై కాదు కదా ఒక్కటీ ఇవ్వొద్దు, పంట కోసి దాచేద్దాం అంటాడు. తర్వాత ఒంటరిగా ఇంకో లెక్క వేసుకుంటాడు. ఈ ఇరవై బుషెళ్లు పోతే పోయాయి, దీనితో నాన్న ఆ అలవాటు మానేస్తే అదే చౌక కదా అని. పదేళ్ల పిల్లాడు తండ్రి మార్పుకి రేటు కట్టుకుంటున్నాడు. ఈ చోట చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టేశాను.

నాలుగో మెట్టు: ఎవరూ అడగని సాక్ష్యం

ఆబ్నర్ దొర మీదే కేసు వేస్తాడు, ఇరవై బుషెళ్లు ఎక్కువని. మళ్లీ కొట్టు, మళ్లీ జడ్జి. ఈసారి సార్టీ లోపలికి అడుగు పెడుతూనే, మా నాన్న చెయ్యలేదు, కాల్చలేదు అని అరుస్తాడు. తండ్రి బండి దగ్గరికి పొమ్మంటాడు.

అసలు ఇది కొట్టం కేసే కాదు, తివాచీ కేసు! ఎవరూ ఏమీ తగలబెట్టలేదు. మొదటి కోర్టులో అడిగితే మాట్లాడలేనివాడు, రెండో కోర్టులో అడక్కుండానే సాక్ష్యం చెప్పాడు. చెంపదెబ్బ ఎంత బాగా పనిచేసిందో చూడండి. నమ్మకస్తుణ్నే అని నిరూపించుకోవడానికి వాడు అవకాశం కోసం కాచుకుని ఉన్నాడు.

జడ్జి ఇరవైని పదికి తగ్గిస్తాడు. పేదవాడికి అది గెలుపే అనుకోవాలి. ఆ మధ్యాహ్నం తండ్రి జున్ను, బిస్కెట్లు కొని ముగ్గురికీ పంచుతాడు. తండ్రీకొడుకులు నీళ్లు తాగి, గుర్రాల బేరాలు చూస్తూ నిలబడతారు. కథలో ఆ కాసేపే వాళ్లు మామూలు తండ్రీకొడుకులు.

రాత్రి ఇంటికొచ్చాక అమ్మ కేక వినిపిస్తుంది, వద్దు వద్దని. ఆబ్నర్ దీపంలోని కిరసనాయిలు తిరిగి డబ్బాలో పోస్తున్నాడు.

చివరి మెట్టు: ఆగిపోయిన హెచ్చరిక

పాకలో ఉన్న నూనె తెమ్మని సార్టీని పంపుతాడు. వాడు పరుగెత్తుతాడు. ఇలాగే పరుగెత్తుకుంటూ పోవచ్చు, మళ్లీ నాన్న మొహం చూడక్కర్లేదు అని అనిపిస్తుంది. కానీ వెళ్లలేకపోతాడు. డబ్బా పట్టుకుని తిరిగి వచ్చేస్తాడు. పారిపోయే అవకాశం చేతిలో ఉండి కూడా నూనె తెచ్చి ఇచ్చాడు!

ఇచ్చాక ఒక ప్రశ్న అడుగుతాడు. కిందటిసారి కనీసం ఒక మనిషిని పంపావు కదా, ఈసారి అది కూడా చెయ్యవా అని.

నా దృష్టిలో కథ మొత్తం ఈ ప్రశ్న మీద తిరుగుతుంది. హ్యారిస్ దగ్గరికి డాలర్ తెచ్చిన మనిషి గుర్తున్నాడా? మనకది బెదిరింపు. సార్టీకి మాత్రం అది నాన్నలో మిగిలిన కాస్త నియమం. చెప్పి చేశాడు, దొంగచాటుగా కాదు అని వాడు తనకి తాను చెప్పుకోవడానికి పనికొచ్చిన ఒకే ఒక్క ఆధారం. ఈసారి అదీ లేదు. నాన్న పక్కన నిలబడటానికి వాడు ఇన్నాళ్లూ పట్టుకున్న ఆఖరి గుంజ ఊడిపోయింది.

కోడింగ్ చేసేవాళ్లకి తెలుసు, సిస్టమ్ ఒక్క ఎర్రర్‌తో పడిపోయినట్టు కనిపిస్తుంది, లాగ్ తెరిచి చూస్తే వారం ముందు నుంచే వార్నింగులు ఉంటాయి. సార్టీ ఒక్క రాత్రిలో మారాడని చాలామంది రాస్తారు. నాకు అలా అనిపించలేదు. వాడు అన్ని మెట్ల మీదా నాన్నకి ఇంకో అవకాశం ఇస్తూనే వచ్చాడు. చివర్లో ఇవ్వడానికి అవకాశాలు అయిపోయాయి.

అన్న, వీణ్ని మంచానికి కట్టేద్దాం అంటాడు. తండ్రి వద్దని, అమ్మనే పట్టుకోమంటాడు. వాళ్లు వెళ్లగానే సార్టీ గింజుకుంటాడు. పిన్ని, వాణ్ని వదులు, వాడు వెళ్లకపోతే నేనే వెళ్తా అంటుంది. వాడు విదిలించుకుని పరుగెడతాడు, వెనకాల అమ్మ మోకాళ్ల మీద పడిపోతుంది. దొర ఇంట్లోకి దూసుకెళ్లి "కొట్టం, కొట్టం" అని మాత్రం అనగలుగుతాడు. దొర వాణ్ని పట్టుకోమంటాడు. నౌకరు చొక్కా పట్టుకుంటాడు. ఉతికి ఉతికి పీలికైన చొక్కా, చెయ్యి మొత్తం ఊడి నౌకరు చేతిలో ఉండిపోతుంది. వీడు మళ్లీ పరుగు.

రెండు పట్లు చూడండి. ఇంట్లో అమ్మ పట్టుకుంది, దొర ఇంట్లో నౌకరు పట్టుకున్నాడు. రెండూ విడిపించుకున్నాడు. అంటే వాడు నాన్న పార్టీ వదిలి దొర పార్టీలో చేరలేదు. బహుమతి కోసం నిలబడలేదు, మెప్పు కోసం నిలబడలేదు. చెప్పాల్సింది చెప్పి, రెండిళ్లకీ కాకుండా పోయాడు.

దొర గుర్రం వాణ్ని దాటిపోతుంది. చీకట్లో తుపాకీ పేలుతుంది. ఒకటి, తర్వాత ఇంకో రెండు. పిల్లాడు నాన్నా నాన్నా అని ఏడుస్తూ పరుగెడతాడు. ఇంగ్లీషులో అక్కడ మొదట ఇంట్లో పిలిచే "పాప్" అనే ముద్దుమాట ఉంటుంది, ఆ వెంటనే "ఫాదర్" అనే దూరపు మాట వస్తుంది. పిలుపు మారడంలోనే ఏదో తెగిపోయింది. ఎవరికి తగిలిందో ఈ కథ చెప్పదు. కానీ ఫాక్‌నర్ 1940లో వేసిన "ద హామ్లెట్" నవలలో ఆబ్నర్ బతికే కనిపిస్తాడు. సార్టీకి మాత్రం అది తెలిసే దారి లేదు. వాడి మటుకు వాడు నాన్నని చంపించాననే అనుకున్నాడు.

అయినా మా నాన్న ధైర్యవంతుడే

అర్ధరాత్రి గుట్ట మీద కూర్చుని వాడు ఏమనుకున్నాడో తెలుసా? మా నాన్న ధైర్యవంతుడు, యుద్ధంలో ఉన్నాడు, కర్నల్ సార్టోరిస్ గుర్రపుదళంలో ఉన్నాడు అని. ఆ వెంటనే రచయిత మన చెవిలో అసలు సంగతి చెప్తాడు. ఆబ్నర్ యుద్ధానికి వెళ్లింది ఏ జెండా కోసమూ కాదు, దోపిడీ సొమ్ము కోసం. ఆ కుంటికాలు కూడా గుర్రం దొంగతనం చేస్తూ సొంత దక్షిణాది సైన్యంవాళ్ల చేతిలోనే తిన్న గుండు. పిల్లాడికి ఇవేవీ తెలీదు.

మనకి ఇక్కడ ప్రహ్లాదుడు గుర్తొస్తాడు. తండ్రికి ఎదురు తిరిగిన కొడుకు అనగానే తెలుగువాళ్లకి మొదట వచ్చే పేరు అదే. కానీ తేడా ఉంది. ప్రహ్లాదుడికి పుట్టకముందే హరి ఉన్నాడు. ఎన్ని బాధలు పెట్టినా లోపల ఊగిసలాట లేదు. సార్టీకి ఎవరున్నారు? దేవుడు లేడు, గురువు లేడు, చదువు లేదు. ఉన్నదల్లా నాన్నే. ఆ నాన్నకే ఎదురు వెళ్లాలి. అందుకే వీడి కష్టం మనకి దగ్గరగా అనిపిస్తుంది. ఒక పోలిక మాత్రం ఉంది. భాగవతంలో అంతా అయ్యాక ప్రహ్లాదుడు నరసింహుణ్ని కోరుకున్నవాటిలో తండ్రి పాపం పోవాలన్నది ఒకటి. సార్టీ గుట్ట మీద కూర్చుని నాన్న ధైర్యవంతుడనడం కూడా అలాంటిదే. తండ్రి పని ఆపినంత మాత్రాన తండ్రి మీద ప్రేమ ఆగదు.

తెల్లవారుతుంది. ఒళ్లు బిగుసుకుపోయి, చలి. వాడు లేచి అడవి వైపు దిగిపోతాడు. వెనక్కి తిరిగి చూడడు. అంతే కథ.

చూడాలనుకునేవాళ్లకి, 1980లో దీన్ని టీవీ సినిమాగా తీశారు. ఆబ్నర్‌గా టామీ లీ జోన్స్ వేశాడు. ఇంకోటి, 2018లో వచ్చిన కొరియన్ సినిమా "బర్నింగ్" మీలో చాలామంది చూసే ఉంటారు. అది హరుకి మురకామి కథ ఆధారంగా తీసింది, ఆ కథ పేరూ ఇదే. కానీ సినిమాలో హీరోకి ఇష్టమైన రచయిత ఫాక్‌నర్, హీరో నాన్న కోర్టు కేసులో ఇరుక్కుని ఉంటాడు. ఈ కథ చదివాక ఆ సీన్లు మళ్లీ చూడండి.

నా సంగతి

ఇంజిన్ కథ సగంలో ఆపాను కదా. అలా నేను రెండేళ్లు చెప్పాను, నాన్న లేరండి అని. పదో తరగతిలో ఒకరోజు నాన్న నన్ను బండి మీద తీసుకెళ్లి, అమ్మ గాజులు తాకట్టు పెట్టారు. వస్తూ దారిలో పునుగులు కొనిపెట్టి, అమ్మకి చెప్పకు, నెలలో విడిపించేస్తా అన్నారు. నేను పునుగులు తిన్నాను, సరే అన్నాను. నెల ఆగాను. రెండు నెలలు ఆగాను. మా పిన్ని పెళ్లి దగ్గర పడి అమ్మ బీరువా అంతా వెతుకుతుంటే, ఇంట్లో పనిచేసే ఆవిడ మీద అనుమానం వస్తుంటే, చెప్పేశాను.

నాన్న కొట్టలేదు, తిట్టలేదు. "నువ్వు కూడానా" అన్నారు. అంతే. ఆ తర్వాత చాలా రోజులు నాతో మాట్లాడలేదు. నేను అమ్మ పార్టీలోకి మారిపోయానని ఇంట్లో అందరూ అనుకున్నారు. నేను కూడా ఏళ్ల తరబడి అలాగే అనుకున్నాను. నిజానికి ఆ పనావిడ మొహం చూశాక ఆగలేకపోయాను, అంతే. అప్పుడు కూడా ఎవరైనా మా నాన్నని మోసగాడు అని ఉంటే వాడి మీద పడేవాణ్ని.

బీటెక్ సెకండియర్ హాస్టల్లో ఈ కథ మొదలుపెట్టి వదిలేశానని చెప్పాను కదా. ఉద్యోగంలో చేరాక, ఒక నైట్ షిఫ్ట్‌లో పూర్తి చేశాను. ఆ రోజే అర్థమైంది, నేను పార్టీ మారలేదని. పొద్దున్నే నాన్నకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలీక, తిన్నారా అని అడిగాను.

ఈ ఎపిసోడ్ చేసే ముందు కూడా నాన్నని అడిగాను, ఇలా చెప్పుకోవచ్చా అని. కాసేపు ఆలోచించి, "పేరు చెప్పకు, మిగతాది చెప్పుకో. పునుగులు కొనిపెట్టానని మాత్రం చెప్పు" అన్నారు. చెప్పాను నాన్నా.

ఒక్క ప్రశ్న అడిగి ముగిస్తాను. సార్టీ ఇరవై ఏళ్ల తర్వాత తలుచుకున్నాడని రచయిత చెప్పాడు గానీ, తిరిగి ఇంటికి వెళ్లాడో లేదో చెప్పలేదు. మీరైతే వెళ్లేవాళ్లా? ఆలోచించండి. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు.